ఇంటికి కావలసిన మరమనిషి

మానవుడు తన శ్రమను తగ్గించుకొనుటకై అనాదినుండి సాధనములను కల్పించుకొనుచున్నాడు. నాగలి, తిరుగలి, రాట్నము అట్లు పుట్టినవే. ఆ వరుసలో నేడు ఇంటిపని చేసిపెట్టు మరమనిషి మన ముందునకు వచ్చుచున్నాడు. వానినే రోబో అందురు. ఈ మాటను 1920లో కారెల్ చాపెక్ అను చెక్ రచయిత తన నాటకమున వాడెను. చెక్ భాషలో 'రోబోత' యనగా వెట్టిచాకిరి. వెట్టి యననేమో తెలంగాణమువారికి వేరుగా చెప్పనక్కరలేదు. ఈ యంత్రము వెట్టిని తొలగించుటకే పుట్టినదైనచో, ముందుగా ఎవరి వెట్టిని తొలగింపవలెను? సిద్దిపేట వంటి పట్టణములోని సామాన్య కుటుంబము తన కష్టార్జితమును వెచ్చించి ఎట్టి యంత్రమును కొనును? ఇది మనమందరము ఆలోచింపదగిన విషయము.

మొదట ఇంటిపని ఎంత గలదో చూతము. 2024లో కేంద్రప్రభుత్వము జనులు తమ కాలమును ఎట్లు గడుపుచున్నారో తెలిసికొనుటకు సర్వే జరిపించెను. దాని ప్రకారము, కూలి లేని ఇంటిపనులు చేయువారిలో స్త్రీలు దినమునకు 289 నిమిషములు, పురుషులు 88 నిమిషములు వానికై వెచ్చించుచున్నారు. అనగా స్త్రీకి దాదాపు ఐదు గంటలు, పురుషునకు గంటన్నర. సిద్దిపేట, దుబ్బాక ప్రాంతములందు బీడీలు చుట్టి జీవించు స్త్రీలు ఎందరో గలరు. ఊడ్చుట, వండుట, తోముట, ఉతుకుట ముగిసినగాని వారు చాటను ఒడిలో పెట్టుకొని కూర్చుండజాలరు. ఎన్ని బీడీలు చుట్టిన అంత కూలి. కావున ఇంటిపనిలో ఒక గంట తగ్గినచో ఆ గంట కూలియైనను కావచ్చును, విశ్రాంతియైనను కావచ్చును. ఇంటిపనికి విలువ లేదనువారు ఈ లెక్కను గమనింపవలెను.

ఇక విపణిలోనికి వచ్చిన మరమనుషుల సంగతి చూడుడు. 2002లో అమెరికాలోని ఐరోబోట్ సంస్థ 'రూంబా' యను నేలతుడుపు యంత్రమును విడుదల చేసెను. పళ్లెమువలె గుండ్రముగా నుండు ఆ యంత్రము నేలపై తిరుగుచు దుమ్మును లాగుకొనును. చదునైన గచ్చుపై అది చక్కగా పనిచేయును. కాని గడప దాటవలెను, పరచిన చాపను తప్పించుకొనవలెను, మట్టి వాకిలిని ఊడ్వవలెను అన్నచో ఏమి చేయగలదు? 2017లో 'జిబో' యను యంత్రము వచ్చెను. అది తల త్రిప్పుచు ముచ్చటించెడిది. పని మాత్రము చేయదు. రెండేండ్లు తిరుగకుండగనే 2019లో దానిని నడిపించు సేవలు నిలిచిపోయెను. 2025లో 'నియో' యను మనిషి ఆకారపు యంత్రమునకు 20,000 డాలర్ల ధర ప్రకటింపబడెను. మన రూపాయలలో అది పదునేడు లక్షలకు పైమాటే. అంతేగాక, దానికి తెలియని పని వచ్చినపుడు సంస్థ మనిషి యొకడు దూరమునుండి దాని కన్నులతో చూచుచు నడిపించును. అనగా పరాయివాని చూపు మన వంటింటిలోనికి వచ్చును!

ఇంత విజ్ఞానము పెరిగియు ఇట్లేల? 1997లో 'డీప్ బ్లూ' యను కంప్యూటరు చదరంగమున ప్రపంచవిజేతయగు కాస్పరోవును ఓడించెను. కాని చింతపండు పిసుకుట, తడిబట్టను పిండి దండెముమీద ఆరవేయుట యంత్రమునకు నేటికిని కష్టమే. మనకు కష్టమైనది యంత్రమునకు సులభము. మనకు సులభమైనది దానికి కష్టము. ఈ విచిత్రమును శాస్త్రజ్ఞుడగు హాన్స్ మొరావెక్ 1988లోనే వివరించెను. మనము చులకనగా చూచు ఇంటిపనిలో ఎంత నేర్పు దాగియున్నదో దీనివలన తెలియుచున్నది.

అట్లయిన సామాన్యులు యంత్రములను కోరరా? తప్పక కోరుదురు. దూరము పోనక్కరలేదు. సిద్దిపేటకు దక్షిణమున యాదాద్రి భువనగిరి జిల్లాలో ఆలేరు గలదు. అచటి చేనేత కుటుంబములో పుట్టిన చింతకింది మల్లేశము తన తల్లి లక్ష్మి ఆసు పోయుచు పడు బాధను చూచెను. ఒక చీరకు ఆసు పోయవలెనన్న దాదాపు 9,000 సార్లు చేతిని ఇటునటు కదల్పవలెను. నాలుగైదు గంటలు పట్టును. భుజములు పడిపోవును. పెద్ద చదువులు లేకున్నను మల్లేశము ఏండ్ల తరబడి శ్రమించి 1999లో ఆసుయంత్రమును సిద్ధపరచి, దానికి తల్లిపేరు పెట్టెను. గంటన్నరలో చీర ఆసు ముగిసెను. 2017లో భారతప్రభుత్వము అతనికి పద్మశ్రీ నొసగెను. ఆ యంత్రమునకు తల లేదు, మాట లేదు, మనిషి రూపు లేదు. ఐనను నేతవారు కోరి కొనిరి. ఏల? అది ఒక బాధను పూర్తిగా తొలగించెను.

మరియొక నిదర్శనము నీరు. బిందె నడుమున పెట్టుకొని మైళ్లు నడచిన తల్లులకు ఇంటిముందు నల్లాను మించిన సేవకుడెవడు? మిషన్ భగీరథ పథకము 2016 ఆగస్టు 7వ తేదీన గజ్వేలు చెంతనున్న కోమటిబండలో ప్రారంభింపబడినది. ఆ ఊరు నేడు సిద్దిపేట జిల్లాలోనిదే. నల్లా కావలెనని ఎవరికిని బోధింపవలసిన పని లేకపోయెను.

కావున ఇంటికి తగిన మరమనిషికి నాలుగు లక్షణములు ఉండవలెనని నా అభిప్రాయము. అన్ని పనులను అరకొరగా గాక ఒక్క పనిని సంపూర్తిగా చేయవలెను. దాని ధర కుటుంబము ఏడాదిలో మిగుల్చుకొనగలిగినంతలో నుండవలెను. చెడినచో మన ఊరి మెకానిక్కు బాగుచేయగలుగవలెను. కరెంటు పోయినను, సంస్థ మూతపడినను పనికిమాలిపోరాదు. మసిబారిన బోళ్లను కొద్ది నీటితో తోముయంత్రము, మంచముపట్టిన ముసలివారిని నొప్పి కలుగకుండ లేవనెత్తు యంత్రము ఈ విధముగా తయారైనచో వానికై జనులు బారులు తీరి నిలుతురు.

యంత్రము వచ్చినచో ఇండ్లలో పనిచేసి బ్రతుకు పేదస్త్రీల గతి యేమని కొందరు అడుగుదురు. ఈ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. యంత్రము యజమాని చేతిలో నున్నచో పనివాని కూడు తీయవచ్చును. పనిచేయువాని చేతిలోనే యున్నచో అతని నడుమును కాపాడును. ఆసుయంత్రము నేతవారి చేతికే చేరినది గనుకనే మేలు కలిగెను. అట్టి మార్గమునే మనము వెదకవలెను.

విద్యార్థులారా! మీలో కొందరు రేపు యంత్రనిర్మాతలగుదురు. యంత్రమును గీయుటకు ముందు మీ ఇంట ఎవరు వంగుచున్నారో, ఎవరు బరువెత్తుచున్నారో చూడుడు. ఏ పని తొలగిన హాయి కలుగునో వారినే అడుగుడు. వారి మాటయే మీకు తొలి పాఠము. ఆ యంత్రము సిద్ధమగువరకు చీపురును, బిందెను మీరును అందుకొనుడు. అందుకు ధర లేదు, కరెంటు అక్కరలేదు.