పరీక్షించువాని మాటకు విలువ యేది?

యంత్రము చూపిన లెక్కను నమ్మి, మనుష్యుడు చెప్పిన మాటను నమ్మకపోవుటచే బ్రిటనులో 900 మందికి పైగా ప్రజలు దోషులుగా నిర్ణయింపబడిరి. 1999వ సంవత్సరము మొదలు అచ్చటి పోస్టాఫీసులలో హొరైజన్ అను సాఫ్ట్‌వేరు ప్రవేశపెట్టబడినది. నాటినుండి పల్లెలలోను, పేటలలోను చిన్న పోస్టాఫీసులు నడుపుకొనుచుండిన సబ్‌పోస్టుమాస్టర్ల ఖాతాలలో లేని లోటులు కనబడసాగెను. లోటు చూపినది యంత్రము. సంజాయిషీ చెప్పుకొనవలసినవాడు మనుష్యుడు. కొందఱు ఇల్లమ్మి సొమ్ము కట్టిరి. కొందఱు చెఱసాలకు పోయిరి. 2019 డిసెంబరులో హైకోర్టు న్యాయమూర్తి ఫ్రేజర్‌గారు ఆ సాఫ్ట్‌వేరునందు దోషములు గలవనియు, అవి ఖాతాలలో లోటులు పుట్టింపగలవనియు తీర్పు చెప్పిరి. 2021 ఏప్రిలులో అప్పీలు కోర్టు 39 మంది శిక్షలను కొట్టివేసెను. 2024లో పార్లమెంటు ప్రత్యేక శాసనము చేసి వందలకొలది శిక్షలను ఒక్కమాటుగా రద్దుచేయవలసి వచ్చెను. విచారణాధ్యక్షులగు సర్ విన్ విలియమ్స్‌గారు 2025 జూలైలో వెలువరించిన నివేదిక మొదటి సంపుటమున, ఈ బాధ కారణముగా కనీసము 13 మంది ప్రాణములు తీసికొని యుండవచ్చునని వ్రాసిరి.

అందఱెఱిగిన యీ కథను మరల చెప్పుటకు కారణము గలదు. ఆ దోషములు ఎవరికిని తెలియనివి కావు. అది దేశమంతట వ్యాపింపకమునుపే, 1998లోనే, నిర్మాణసంస్థలోని యొక బృందము దాని ముఖ్యభాగము నాసిరకముగా నున్నదని నివేదిక వ్రాసియుండెను. తెలిసిన దోషముల జాబితా యొకటి ఆ సంస్థవారియొద్ద ఎల్లప్పుడు నుండెను. స్కాట్లండులోని ఫాల్కిర్క్ పట్టణమున కాలెండర్ స్క్వేర్ శాఖలో బయటపడిన యొక దోషమునకు ఆ శాఖ పేరే పెట్టి పిలుచుకొనిరి. పేరుపెట్టి పిలుచునంతటి చనువున్నను, శిక్షలు పడుచున్న కాలమున ఆ జాబితా ముద్దాయిల చేతికి రాలేదు. ఇంకొక విచిత్రము గలదు. 1984 నాటి బ్రిటిషు శాసనము ప్రకారము కంప్యూటరు కాగితమును సాక్ష్యముగా చూపవలెనన్న, ఆ కంప్యూటరు సరిగా పనిచేయుచుండెనని మొదట ఋజువు చేయవలసియుండెను. హొరైజన్ వచ్చిన 1999లోనే మఱియొక శాసనముచే ఆ నియమమును ఎత్తివేసిరి. యంత్రమునకు సత్యసంధుడను బిరుదిచ్చి, నిరపరాధినని నిరూపించుకొను భారమును పోస్టుమాస్టరు నెత్తిన పెట్టిరి.

కావున అచ్చట కొఱవడినది దోషమును చూడగల కన్ను కాదు. చూచినవాని మాటకు ఆ కార్యాలయములో హోదా కొఱవడినది. ప్రభుత్వపు కొలువులలో సాఫ్ట్‌వేరు పరీక్షకులకు ఎన్ని మెట్లుండవలెను, ఏ నైపుణ్యము లుండవలెనను ప్రశ్న జీతపు చీటీకి సంబంధించినదిగా పలువురు తలంతురు. మేమట్లు తలంపము.

పాఠకులలో కొందఱికి ఈ వృత్తి క్రొత్తదిగా తోచవచ్చును. సాఫ్ట్‌వేరు వ్రాయువాడు వేఱు, పరీక్షించువాడు వేఱు. టెస్టరని పిలువబడు ఈ రెండవవాడు, వ్రాసినదానిని ప్రజల చేతి కిచ్చుటకు ముందు దానితో తగవులాడువాడు. వ్రాయువాడు తిన్నగా నడచు మనుష్యుని మనసులో నుంచుకొని వ్రాయును. టెస్టరు తడబడువానిని, తొందరపడువానిని, కండ్లద్దములు మఱచి వచ్చిన ముసలివానిని, ఒకే మీటను రెండుమాఱులు నొక్కువానిని మనసులో నుంచుకొనును. సొమ్ము చెల్లించిన క్షణమున కరెంటు పోయిన నేమగును? తండ్రిపేరు, ఇంటిపేరు ఒక్కటియే యైన ఇద్దఱన్నదమ్ములు ఒకే దినమున దరఖాస్తు పెట్టిన నేమగును? ఇట్టి ప్రశ్నలను ముందుగా ఊహించుటయే ఆతని విద్య. మంచి టెస్టరు అనుమానపు మనిషిగా నుండక తప్పదు.

బ్రిటిషు ప్రభుత్వమువారు ఈ వృత్తికి కొంత క్రమము కల్పించిరి. 2011లో ఏర్పడిన వారి ప్రభుత్వ డిజిటల్ సర్వీసు సాంకేతికోద్యోగము లన్నిటికిని నైపుణ్యముల చట్రమొకటి సిద్ధపఱచెను. అది 2017 నుండి బహిరంగముగా నున్నది. పరీక్షావృత్తిలో విశ్లేషకులు, టెస్టు ఇంజనీర్లు, టెస్టు మేనేజర్లు అని వేర్వేఱు పాత్రలు పేర్కొనబడినవి. ఒక్కొక్క నైపుణ్యమునకు నాలుగంతస్తులు గలవు: విషయమును గూర్చిన యెఱుక, పని జరుపగల సామర్థ్యము, ఇతరులకు నేర్పగల ప్రావీణ్యము, వృత్తినే దిద్దగల నిపుణత. సాఫ్ట్‌వేరు తాను చేయవలసిన పని చేయుచున్నదా యని చూచుట యొక నైపుణ్యము. వేలమంది ఒక్కమాఱు వచ్చి పడినను తట్టుకొనునా, దొంగలను నిలువరించునా యని చూచుట మఱియొకటి. టెస్టు ఇంజనీరు కోడు వ్రాయుటయు నెఱిగి యుండవలెను. వీనికంటె మాకు నచ్చినది, వాడుకరి యవసరములను గ్రహించుటనుకూడ ఒక నైపుణ్యముగా లెక్కించుట. దీనివలన ఒక మేలు గలదు. టెస్టరు పని యనగా కోడు వ్రాయు ఉద్యోగము దొఱకువఱకు కూర్చుండు వసారా యను భావము పోయి, ఆ పనిలోనే జీవితమును గడపి పెద్దవాడు కావచ్చునను ధైర్యము కలుగును.

కాని ఆ చట్రము చేయలేనిది కూడ గలదు. అది నైపుణ్యమును కొలుచును గాని అధికారము నియ్యదు. జీతముల నిర్ణయము 1996 నుండి పై యుద్యోగులకు తప్ప తక్కినవారికి ఆయా శాఖల చేతిలోనే యున్నది. ఒక శాఖవారు గొప్పగా చూచినవానిని వేఱొక శాఖవారు క్రిందిమెట్టున కూర్చుండబెట్టవచ్చును. అన్నిటికంటె ముఖ్యముగా, ప్రారంభోత్సవపు తేదీ నిశ్చయమైన పిమ్మట "ఇది సిద్ధముగా లేదు" అను మాటను ఎంతమెట్టు వాడు పలికిన పై వారాగుదురో ఆ పట్టికలో మాకు గానరాదు. అమెరికాలో 2013 అక్టోబరు 1వ తేదీని ఆరోగ్యభీమా వెబ్‌సైటును తెఱచిరి. అన్ని భాగములను కలిపి మొదటినుండి చివఱివఱకు పరీక్షించుట తెఱచుటకు రెండు వారముల ముందుగాని మొదలు కాలేదని గుత్తదారులే కాంగ్రెసు సంఘమునెదుట సాక్ష్యమిచ్చిరి. మొదటి దినమున చేరగలిగినవారు ఆఱుగురు. ఆ రెండు వారములలో టెస్టర్లు ఏమి చూచిరో మనమూహింపవచ్చును. తేదీని మార్చుటకు చాలిన యంతస్తు వారి కుండలేదు.

ఇక మన యింటి సంగతి. 2019 ఏప్రిలులో తెలంగాణ ఇంటర్మీడియేటు ఫలితములు వెలువడినపుడు, తెలుగులో 99 మార్కులు వచ్చిన బాలికకు సున్న వేయబడినది. పరీక్ష వ్రాసినవారు రానివారుగా నమోదైరి. సాఫ్ట్‌వేరు గుత్తకు తీసికొన్న సంస్థపైనను, బోర్డుపైనను దుమారము రేగినది. ప్రభుత్వము త్రిసభ్యసంఘమును వేసినది. తప్పినవారి పత్రములన్నియు ఉచితముగా మరల చూడగా వెయ్యిమందికి పైగా ఉత్తీర్ణులని తేలినది. ఆ దినములలో ఇరువదిమందికి పైగా బిడ్డలు ప్రాణములు తీసికొనిరి. వారందఱి మరణములకు లెక్కతప్పే కారణమని చెప్ప మాకు సాధ్యము కాదు. కాని ఆ తల్లిదండ్రుల యెదుట, కాదనియు గట్టిగా చెప్పగలవాడు లేడు.

భూస్వాములగు మా పాఠకులకు ధరణి కథ చెప్పనక్కఱలేదు. 2020 అక్టోబరు 29న ఆరంభమైన ఆ పోర్టలులో, తరతరములుగా సాగుచేసికొనుచున్న పట్టాభూములు పెక్కు నిషేధిత జాబితాలోనికి పోయినవి. పేరులో ఒక యక్షరము తప్పినను, విస్తీర్ణములో కొన్ని గుంటలు తగ్గినను, తహశీలుదారు చూచుచు కూర్చుండుట తప్ప దిద్దలేని స్థితి వచ్చినది. 2025 ఏప్రిలులో భూభారతి దాని స్థానమున వచ్చినది. ఇందు దోషమంతయు సాఫ్ట్‌వేరుది కాదు; పాత పహాణీల తప్పులును, చట్టములోని యిరుకును కలిసినవి. అయినను మాకొక సందేహము. ఒక సర్వే నంబరులో సగము పట్టా, సగము అసైన్డు భూమియైన నేమిచేయవలెను? సాదాబైనామాతో కొని, పన్ను కట్టుచు, పట్టా లేక మిగిలినవాడు ఏ మీట నొక్కవలెను? తండ్రి పోయి, ముగ్గురు కొడుకులలో నొకడు దుబాయిలో నుండగా విరాసతు ఎట్లు జరుగవలెను? ఈ ప్రశ్నలు ఏ పల్లె రచ్చబండకడ నడిగినను పుట్టును. వీనిని ముందుగా అడుగు టెస్టరుకు కంప్యూటరు విద్య సగమైన, రెవిన్యూ చట్టమును, పల్లె వాడుకను తెలియుట తక్కిన సగము. హైదరాబాదులో సాఫ్ట్‌వేరు పరీక్షించు యువకులకు కొదువలేదు; వారిలో పహాణీ చదువగలవా రెందఱు? చదువ నేర్చినవానికి సర్కారు కొలువులో పైమెట్టు చూపిన గదా వాడు నేర్చుట!

లెక్క వ్రాయువాడు వేఱు, తనిఖీ చేయువాడు వేఱు అను న్యాయము మనకు క్రొత్తది కాదు. 1984లో కరణీకములు రద్దగువఱకు కరణము వ్రాసిన లెక్కను ఏటేట జమాబందీలో పైయధికారి చూచెడివాడు. కరణ మెంత సమర్థుడైనను తన లెక్కకు తానే జమాబందీ చేసికొనలేదు. నేడు గుత్తదారు సంస్థ తాను వ్రాసినదానిని తన టెస్టర్లచేతనే చూపించి, "సరిగానున్నది" యని వ్రాసియిచ్చుచున్నది. ఆ టెస్టరుకు జీతమిచ్చునది ఆ సంస్థయే. బిల్లు మంజూరగుటకు ఆతని సంతకమే కావలెను. ఇందులో ఆతనిని నిందించి ఫలములేదు.

రైల్వేల యుదాహరణ చూడుడు. క్రొత్త లైనుపై ప్రయాణికుల బండి నడుపవలెనన్న భద్రతా కమీషనరు అనుమతి కావలెను. 1941లోనే ఆ తనిఖీ యుద్యోగులను రైల్వే బోర్డు చేతిక్రిందినుండి తప్పించి వేఱు శాఖ క్రింద నుంచిరి. నేటికిని వారు రైల్వే మంత్రిత్వశాఖకు గాక పౌరవిమానయాన శాఖకు చెందియున్నారు. మంత్రిగారు పచ్చజెండా పట్టుకొని నిలుచున్నను, కమీషనరు కాదన్న బండి కదలదు. పట్టాలకు ఇంతటి జాగ్రత్త యుండగా, కోట్లమంది పింఛనులు, పట్టాలు, మార్కులు నడచు సాఫ్ట్‌వేరుకు నుండరాదా?

సాధనములు లేవనుటకు వీలులేదు. 1976లో స్థాపితమైన జాతీయ సూచనావిజ్ఞాన కేంద్రమున శాస్త్రజ్ఞులకు బి మొదలు జి వఱకు అంతస్తులు గలవు; ఖాళీకై వేచియుండక, యోగ్యతనుబట్టి పైమెట్టెక్కు పద్ధతియు కేంద్ర శాస్త్రశాఖలలో గలదు. నిపుణుడు తన విద్యను వదలి ఫైళ్లు త్రిప్పు నధికారి కానక్కఱ లేకుండ పెద్దజీత మందుకొనుటకు ఇదియే మార్గము. 1980 నుండి ఎస్.టి.క్యు.సి. యను పరీక్షాసంస్థ కేంద్ర ప్రభుత్వమువారికి గలదు. వోటుయంత్రములను సయితము అది పరీక్షించును. ఇవి యుండగా రాష్ట్రములలో మాత్రము టెస్టరనగా ఏజెన్సీ ద్వారా సంవత్సర మొప్పందముపై వచ్చి, గడువు తీఱగనే పోవువాడుగా నున్నాడు. ఆతడు నేర్చిన రెవిన్యూ కిటుకులు ఆతనితోనే పోవును. మఱుసటి యేడు వచ్చువాడు పహాణీ యనగా నేమని మొదలుపెట్టును.

జీతములు చాలవు, ప్రైవేటు కంపెనీలు ఎత్తుకొనిపోవునని కొందఱనెదరు. నిజమే, అందఱును నిలువరు. కాని ప్రతి జిల్లాకు నొక సైన్యము కావలెనని మేమనుట లేదు. రాష్ట్రమునకు నలువదియేబది మంది శాశ్వతోద్యోగులు, నాలుగైదు మెట్లు, సాఫ్ట్‌వేరు కట్టించు శాఖతో సంబంధములేని యొక పెద్ద చాలును. క్రిందిమెట్టున చేరువానిని ఒక యేడు తహశీలు కార్యాలయములోను, ఒక యేడు ట్రెజరీలోను కూర్చుండబెట్టవలెను. పైమెట్టువాడు వ్రాసిన దోషముల జాబితా ఆ సేవను వాడు పౌరులందఱికిని, అవసరమైనపుడు న్యాయస్థానమునకును అందునట్లు నియమము కావలెను. ఆతని అభ్యంతరమును త్రోసిరాజని తెఱువ దలచిన కార్యదర్శి, కారణమును తన చేతితో కాగితముపై వ్రాసి తెఱువవలెను. ఈ తుది నియమమునకు ఖజానానుండి ఒక్క రూపాయియు నక్కఱలేదు; రాబోవు బడ్జెటు సమావేశములకై వేచియుండక ఒక్క జీ.ఓ.తో నేడే చేయవచ్చును.