మన్యం కాఫీకి ఐరోపా కొత్త నిబంధన: తోట నుంచే సన్నద్ధత అవసరం

పాడేరు: సరుకు నాణ్యత ఏమిటి, విలువ ఎంత, సుంకం ఎంత అన్నవే విదేశీ రేవుల్లో కస్టమ్స్ అధికారులు సాధారణంగా పరిశీలించే అంశాలు. ఐరోపా సమాఖ్య రూపొందించిన అటవీ నిర్మూలన నిరోధక నిబంధన వీటికి మరొక ప్రశ్నను జోడించింది. సరుకు ఏ భూమిలో పండింది, ఆ భూమి కోసం అడవిని నరికారా అన్నదే ఆ ప్రశ్న. అల్లూరి సీతారామరాజు జిల్లాలో లక్ష ఎకరాలకు పైబడి కాఫీ సాగు చేస్తున్న గిరిజన రైతులకు ఇది నేరుగా సంబంధించిన విషయం.

నిబంధన స్వరూపం

2023లో వెలువడిన ఈ నిబంధన పరిధిలో కాఫీ, కోకో, రబ్బరు, పామాయిల్, సోయా, కలప, పశువులు ఉన్నాయి. 2020 డిసెంబరు 31 తరువాత అడవిని తొలగించిన భూమిలో పండిన సరుకుకు ఐరోపా విపణిలో ప్రవేశం ఉండదు. సాగు ఆయా దేశాల చట్టాలకు లోబడి జరిగి ఉండాలి. తోటల అక్షాంశ రేఖాంశాలతో ప్రకటన దాఖలు చేసి, దాని సంఖ్యను దిగుమతిదారు కస్టమ్స్ పత్రాలలో చూపవలసి ఉంటుంది.

అమలు గడువు రెండుసార్లు వాయిదా పడింది. 2025 డిసెంబరులో చేసిన సవరణ ప్రకారం పెద్ద, మధ్యతరహా సంస్థలకు 2026 డిసెంబరు 30, చిన్న, సూక్ష్మ సంస్థలకు 2027 జూన్ 30 గడువుగా నిర్ణయించారు. మన్యంలో 2026 నవంబరులో కోతకు వచ్చే పంట ఐరోపా రేవులకు చేరేది మొదటి గడువు దాటిన తరువాతనే.

అనుకూల అంశాలు

2025 మే నెలలో ప్రకటించిన వర్గీకరణలో భారతదేశం తక్కువ ముప్పు గల దేశాల జాబితాలో చేరింది. ఇటువంటి దేశాల సరుకుకు సంబంధించి ఏటా నూటికి ఒక దిగుమతిదారును తనిఖీ చేస్తే సరిపోతుంది. అయితే తోట వివరాలు ఇవ్వడం నుంచి మినహాయింపు లేదు.

నాలుగు హెక్టార్లు, అంటే దాదాపు పది ఎకరాలు మించిన తోటకు హద్దులన్నీ గుర్తించాలి. అంతకు లోపు తోటకు ఒకే బిందువు చాలు. మన్యం రైతులలో అత్యధికుల తోటలు ఎకరం, రెండెకరాలవే.

అటవీ హక్కుల చట్టం కింద పట్టా పొందిన భూమి 2005 డిసెంబరు 13 నాటికే గిరిజనుల అనుభవంలో ఉన్నదని అర్థం. చట్టబద్ధమైన సాగుకు ఆ పత్రం గట్టి ఆధారం. అయితే 2020 తరువాత కొత్తగా చెట్లు కొట్టలేదని పట్టా ఒక్కటే నిరూపించజాలదు. ఉపగ్రహ చిత్రాలు ఆ సంగతిని బయటపెడతాయి. సిల్వర్ ఓక్ నీడన పెరిగే పాత తోటలకు ఇబ్బంది లేదు. సహజ అడవిలో కొత్తగా మొక్కలు నాటిన చోటనే జాగ్రత్త అవసరం.

అసలు చిక్కు

సమస్య తోటలో కంటే సంతలో ఎక్కువగా ఉంది. వారపు సంతలో దళారులు పది గ్రామాల గింజలను ఒకే రాశిగా పోస్తారు. ఏ బస్తా ఏ తోటదో చెప్పలేని సరుకు కలిస్తే రాశి మొత్తం అనర్హమవుతుంది. తొంభై తొమ్మిది మంది రైతుల వివరాలు సక్రమంగా ఉన్నా, నూరవ వ్యక్తి సరుకు వారందరికీ నష్టం తేగలదు. ఐరోపా మార్కెట్‌కు దూరమైన కాఫీ తక్కువ ధరకు పోతుంది. ఆ భారం చివరకు రైతు మీదనే పడుతుంది.

చేపట్టవలసిన చర్యలు

రైతు పేరు, పట్టా సంఖ్య, తోట బిందువు ఒకే జాబితాలో నమోదు కావాలి. సమీకృత గిరిజనాభివృద్ధి సంస్థ, కాఫీ బోర్డు, రెవెన్యూ, అటవీ శాఖల వద్ద ఉన్న వివరాలు పరస్పరం సరిపోలాలి. గిరిజన సహకార సంస్థ వంటి సంస్థలు కొనుగోలు చేసే సమయంలోనే బస్తాకు గ్రామం, రైతు గుర్తింపు జతపరిస్తే గిడ్డంగి నుంచి రేవు వరకు ఆ జాడ చెదరదు. పట్టా లేని సాగుదారుల విషయం ముందుగా తేల్చకపోతే వారి పంట ఈ లెక్కలోకి రాదు.

ఈ నిబంధన కాఫీపై నిషేధం కాదన్న విషయం గ్రామాలకు స్పష్టంగా చేరవలసి ఉంది. ఐరోపా మన కాఫీని కొనదన్న వదంతి వ్యాపిస్తే, భయంతో రైతులు పంటను అయినకాడికి అమ్ముకునే ప్రమాదముంది. అందువల్ల వివరాల నమోదుతోపాటు సరైన సమాచారం రైతులకు వారి భాషలలో, కోతల సీజనుకు ముందే అందడం అత్యంత ఆవశ్యకం.