హీట్‌సింక్ మార్చాక... ప్రాసెసర్ పోయినట్టేనా?

ఉదయగిరి, ఆత్మకూరు లాంటి ఊళ్లలో కంప్యూటర్‌కు ఇద్దరు శత్రువులు... ఎండ, దుమ్ము. నడివేసవిలో బయట 40 డిగ్రీలు దాటిందంటే, రేకుల కప్పు కింద నడిచే జిరాక్స్ షాపులో వేడి అంతకంటే ఎక్కువే. ఏసీ గదిలో 25 డిగ్రీల గాలి తగిలే ప్రాసెసర్‌తో పోలిస్తే ఇక్కడిది కనీసం 15 డిగ్రీల భారం ముందే మోస్తున్నట్టు లెక్క. ఫ్యాన్ గోల పెడుతుంది, సిస్టమ్ నత్తనడక నడుస్తుంది. విసిగిపోయి కొత్త హీట్‌సింక్ బిగిస్తారు. స్విచ్ వేస్తే ఫ్యాన్ తిరుగుతుంది గానీ తెర మీద ఏమీ రాదు. 'ప్రాసెసర్ కాలిపోయింది' అన్న మాట వినపడేది అప్పుడే!

ఆ మాట నమ్మి వేలు పోసి కొత్తది కొనే ముందు కాస్త ఆగండి. నిన్నటిదాకా పనిచేసిన ప్రాసెసర్ హీట్‌సింక్ మార్చగానే పోవడం అరుదు. చివరిసారి చెయ్యి పడిన చోటే తప్పు ఉండే అవకాశం ఎక్కువ.

వేడికి కాలిపోదా?

ఒకప్పుడు ఆ భయం నిజమే. 2001లో జరిగిన ఓ పరీక్షలో కంప్యూటర్ నడుస్తుండగానే హీట్‌సింక్ తీసేస్తే ఏఎండీ అథ్లాన్ క్షణాల్లో పొగలు కక్కింది. ఇంటెల్ పెంటియం 4 మాత్రం వేగం తగ్గించుకుని బతికిపోయింది. ఇప్పటి ప్రాసెసర్లన్నీ ఆ రెండో రకమే. 100 డిగ్రీల దరిదాపులకు చేరగానే వేగం తగ్గించుకుంటాయి. అప్పటికీ వేడి ఆగకపోతే కంప్యూటర్‌నే ఆపేస్తాయి.

లక్షణాన్ని బట్టి వెతకండి

* ఆన్ అయిన కాసేపటికే ఆగిపోతోందా? హీట్‌సింక్ సరిగ్గా ఆనలేదన్నమాట. దాని అడుగున అంటించి వచ్చే ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి. ఇంటెల్ పాత తరహా కూలర్‌కు నాలుగు మూలలా ప్లాస్టిక్ మేకులుంటాయి. ఒక్కటి దిగకపోయినా ఆ పక్క ఎత్తుగా ఉండిపోతుంది.

* ఫ్యాన్ లేదంటూ హెచ్చరిక వస్తోందా? ఫ్యాన్ వైరును మదర్‌బోర్డు మీద 'సీపీయూ ఫ్యాన్' అని రాసి ఉన్న పిన్నులకే తగిలించాలి. పక్కనున్న వాటికి తగిలిస్తే ఫ్యాన్ తిరుగుతున్నా బోర్డు గుర్తించదు.

* ఫ్యాన్ తిరుగుతున్నా తెర నల్లగానే ఉందా? ప్రాసెసర్‌కు కరెంటు అందించే 4 లేదా 8 పిన్నుల వైరు ఊడిందేమో చూడండి. ర్యామ్‌ను తీసి మళ్లీ గట్టిగా నొక్కండి. హీట్‌సింక్ మరలు ఒకే పక్క బిగిసినా ర్యామ్ అందకపోవచ్చు. వాటిని వదులు చేసి, ఎదురెదురు మూలలుగా కొంచెం కొంచెం బిగించండి.

పిన్నులు జాగ్రత్త

పైవేవీ కాకపోతే కరెంటు వైరు పీకేసి ప్రాసెసర్ బయటకు తీయాలి. ఏఎండీలో ఏఎం4 దాకా పిన్నులు ప్రాసెసర్‌కే ఉండేవి. ఎండిపోయిన పేస్టు జిగురులా పట్టేయడంతో, హీట్‌సింక్‌ను లాగితే ప్రాసెసర్ కూడా ఊడివచ్చి పిన్నులు వంగుతాయి. అందుకే ముందు పది నిమిషాలు కంప్యూటర్ నడిపి, ఆపేశాక, వేడి మీదుండగానే అటూ ఇటూ తిప్పుతూ తీయాలి. వంగిన పిన్నును సన్నని బ్లేడుతో మెల్లగా నిలబెట్టవచ్చు. ఇంటెల్‌లో 2004 నుంచి, ఏఎండీలో 2022లో వచ్చిన ఏఎం5 నుంచి పిన్నులు మదర్‌బోర్డు సాకెట్‌లోనే ఉంటున్నాయి. వీటిని సరిచేయడం కష్టం. భూతద్దంతో చూసి, వంగినట్టు కనిపిస్తే తెలిసినవారికే అప్పగించండి.

మళ్లీ బిగించేటప్పుడు పాత పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో పూర్తిగా తుడిచి, కొత్తది శనగగింజంత పెడితే చాలు. ఎక్కువ పూస్తే చల్లదనం పెరగదు.

కొనే ముందు...

ఇన్ని చేసినా పలకకపోతే ప్రాసెసర్‌ను దానికి సరిపడే, పనిచేస్తున్న మరో బోర్డులో పెట్టించి చూడండి. ఉదయగిరిలో అలాంటి బోర్డు దొరక్కపోతే ఆత్మకూరులోనో నెల్లూరులోనో అడగండి. అక్కడ పనిచేస్తే లోపం ప్రాసెసర్‌ది కాదు. అక్కడా పలకకపోతే అప్పుడు కొత్త ప్రాసెసర్ కొనొచ్చు.

కంప్యూటర్ మొత్తాన్ని బస్సులో తీసుకెళ్లాల్సి వస్తే, బరువైన హీట్‌సింక్ ఉన్న క్యాబినెట్‌ను నిలబెట్టకండి. మదర్‌బోర్డు కింద, హీట్‌సింక్ పైన ఉండేలా పడుకోబెట్టండి. లేదంటే గతుకుల్లో ఆ బరువుకు బోర్డు దెబ్బతింటుంది.