కూలి లెక్క గోడ మీద, పరిహారం లెక్క గోప్యం

వడగండ్లో వరదలో పంటను తుడిచిపెట్టిన ప్రతిసారీ ప్రభుత్వాలు ఎకరాకు ఇంత అని సాయం ప్రకటిస్తాయి. 2023 మార్చి వడగండ్ల వానల తర్వాత, 2024 సెప్టెంబరు వరదల తర్వాత తెలంగాణలో ఎకరాకు 10 వేల రూపాయల చొప్పున ప్రకటించారు. ఎన్ని ఎకరాలు, ఎన్ని కోట్లు అన్న లెక్క వెంటనే పత్రికలకెక్కుతుంది. ఆ సొమ్ము ఎవరి ఖాతాలో పడింది, వారిలో స్వయంగా సాగు చేసినవారెందరు అన్నది ఊరి జనానికి చెప్పేవారుండరు. ఇది పాలనా లోపం మాత్రమే కాదు, కులానికి సంబంధించిన ప్రశ్న అని నేననుకుంటున్నాను.

2005 నాటి ఉపాధి హామీ చట్టం 17వ సెక్షన్ గ్రామసభ ద్వారా సామాజిక తనిఖీని తప్పనిసరి చేసింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2009లో అందుకోసం ప్రత్యేక సంస్థనే నెలకొల్పింది. ఎవరు ఎన్ని రోజులు పనిచేశారు, ఎంత కూలి తీసుకున్నారు అన్నది ఊరందరి ముందు చదివారు. దొంగ మస్టర్లు అలాగే బయటపడ్డాయి. అది మంచి పని. కానీ దళిత, ఆదివాసీ, వెనుకబడిన కులాల కూలీల పేర్లు చదివినప్పుడు అడ్డురాని గోప్యత, భూమి ఉన్నవారి పరిహారం దగ్గరే ఎందుకు గుర్తుకొస్తుంది?

విపత్తు సహాయ నిబంధనల ప్రకారం 33 శాతం, ఆపైన పంట నష్టపోతేనే పెట్టుబడి రాయితీ వస్తుంది. అదీ రైతుకు 2 హెక్టార్ల వరకే. నష్టం నిజమా, ఒకే కుటుంబం వేర్వేరు పేర్లతో పరిమితిని దాటిందా అన్నది ఊరివాళ్లకు తెలిసినంతగా ఏ అధికారికీ తెలియదు. జాబితా వారి కంట పడకపోతే ఆ నిబంధన కాగితానికే పరిమితం.

2015–16 వ్యవసాయ గణన ప్రకారం దేశంలోని కమతాల్లో దళితులవి 12 శాతం లోపే, విస్తీర్ణంలో 9 శాతం లోపే. అందుచేత పట్టాను చూసి ఇచ్చే సాయం కులాన్ని పేర్కొనకుండానే కులాన్ని అనుసరిస్తుంది. పెట్టుబడి పెట్టి, అప్పు చేసి, పంట పోగొట్టుకున్న కౌలుదారుకు మిగిలేది అప్పే. 2011లో కౌలుదారులకు రుణ అర్హత కార్డుల చట్టం వచ్చింది. 2019లో ఆంధ్రప్రదేశ్ మరో చట్టం తెచ్చినా, సాగు హక్కు పత్రానికి యజమాని సంతకం అవసరమైంది. సంతకం పెట్టే అధికారం ఎవరిదో, అడగడానికి జంకేది ఎవరో ఊళ్లో అందరికీ తెలుసు.

పేరు బయటపెడితే మరుసటి ఏడు కౌలు దక్కదన్న భయం నిజమైనదే. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. అందుకే యజమాని సంతకంతో పనిలేకుండా గ్రామసభ ధ్రువీకరణతో సాగుదారును గుర్తించాలి. ఆ నమోదు భూమిపై హక్కు కల్పించదని యజమానులకు స్పష్టం చేయాలి.

సమాచార హక్కు చట్టం 4వ సెక్షన్ రాయితీ పథకాల లబ్ధిదారుల వివరాలను అడగకుండానే ప్రకటించాలంటోంది. అయితే 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా చట్టం, వ్యక్తిగత సమాచారానికి సంబంధించిన 8(1)(జె) నిబంధనలో ఉన్న ప్రజాప్రయోజన మినహాయింపును తొలగించింది. 8(2)లో ఆ అవకాశం మిగిలే ఉన్నా, నిరాకరించదలచిన అధికారికి ఇదొక సాకు. ఆధార్, బ్యాంకు ఖాతా సంఖ్యలు దాచాల్సినవే. సర్వే నంబరు, విస్తీర్ణం, చెల్లించిన మొత్తం దాచాల్సినవి కావు. మండలాలవారీగా ఏ సామాజిక వర్గానికి ఎంత చేరింది, అందులో కౌలుదారుల వాటా ఎంత అని ప్రకటిస్తే ఏ ఒక్కరి గోప్యతకూ భంగం కలగదు.

కూలి డబ్బుకు ఊరి ముందు జవాబు చెప్పించిన ప్రభుత్వాలు పంట పరిహారానికీ అదే తనిఖీ పెట్టాలి. తర్వాతి విపత్తుకు ముందే ఆ చట్టం రావాలి.