గ్రంథస్వామ్యము – విద్యార్థి ధర్మము

గ్రంథకర్త శ్రమఫలము ఆతనిదే. అయినను విద్య ధనవంతుల సొత్తు కారాదు. కావుననే మన దేశపు 1957వ సంవత్సరపు గ్రంథస్వామ్య చట్టము, 52వ సెక్షనున, బోధనకై గురుశిష్యులు ప్రతులు తీసికొనుట స్వామ్యభంగము కాదనుచున్నది. ఢిల్లీ విశ్వవిద్యాలయమునందలి యొక ఫొటోకాపీ దుకాణముపై ఆక్స్‌ఫర్డు, కేంబ్రిడ్జి మొదలగు ప్రకాశకులు 2012లో వ్యాజ్యము వేసిరి. బోధనావసరమునకు మించనంతవరకు అట్టి ప్రతులు దోషము గావని 2016లో హైకోర్టు తీర్పు చెప్పెను. 2017లో ప్రకాశకులు వ్యాజ్యమును విరమించుకొనిరి.

ఈ తీర్పు బీద విద్యార్థికి మేలు గూర్చినదని మా యభిప్రాయము. కాని ప్రతి తీయుట వేఱు, పరుల వ్రాఁతను తనదనుకొనుట వేఱు. మొదటిదానిని చట్టము మన్నించినది, రెండవది చౌర్యమే. విద్యార్థులారా! కావలసినంతయే తీసికొనుఁడు, కర్త పేరు మాత్రము మఱవక వ్రాయుఁడు.