మాస్టారి కబుర్లు: సొరుగులోని పాత ఫోను



మీ ఇంట్లో బీరువా సొరుగు ఒకసారి తీసి చూడండి. విరిగిన కళ్ళజోడు, నడవని గడియారం, కప్ప పోయిన తాళంచెవి... వీటి నడుమ పాత స్మార్ట్‌ఫోను ఒకటి కనిపిస్తుంది. అద్దం పగలలేదు, మీటలన్నీ పనిచేస్తున్నవి. మరి దాన్ని ఎందుకు మూలబడేశారని నాన్నగారిని అడగండి. "పాతబడిపోయిందిరా, దానికి కొత్తవి రావడం లేదు" అంటారు.

ఫోనులో రెండు భాగాలున్నవి. ఒకటి మన చేతికి తగిలేది: అద్దం, బ్యాటరీ, లోపలి పలకలు. రెండోది కంటికి కనపడని ఆజ్ఞల మూట. వేలితో తాకితే ఏం చెయ్యాలి, గంట మోగితే ఏం చెయ్యాలి అని యంత్రానికి చెప్పేది అదే. దాన్ని ఆపరేటింగ్ సిస్టమ్ అంటారు. మన దేశంలో ఎక్కువ ఫోనుల్లో ఉండేది ఆండ్రాయిడ్. ఫోనులు చేసే కంపెనీ కొన్నేళ్ళపాటు ఈ మూటకు మరమ్మతులు పంపుతుంది. ఆ తరువాత మానేస్తుంది. అప్పుడు ఫోను గతి బడి మానిపించిన పిల్లవాడి గతే. ఒంట్లో బలమున్నది, పాఠం చెప్పేవాళ్ళే లేరు.

అటువంటి ఫోనులకు పాఠం చెప్పడానికి జీతంలేని మాస్టార్లు కొందరు బయలుదేరారు. ఆ కథ చెబుతాను, వినండి.

అమ్మకానికి వచ్చిన మొట్టమొదటి ఆండ్రాయిడ్ ఫోను 2008 అక్టోబరులో అమెరికాలో బయటపడింది. తైవానుకు చెందిన హెచ్‌టీసీ దాన్ని తయారుచేసింది. పేరు డ్రీమ్. టీ-మొబైల్ వాళ్ళు జీ1 అని అమ్మారు. అద్దాన్ని పక్కకు జరిపితే కింద నుంచి అక్షరాల మీటలు బయటికి వచ్చేవి. ఆ ఫోనులో ఒక తమాషా తప్పు ఉండిపోయింది. మీటలమీద మీరు ఏ మాట కొట్టినా, అది ఉత్తరంలోకి పోవడమే గాక, లోపల యంత్రానికి యజమాని ఇచ్చిన ఆజ్ఞగా కూడా పోయేది! ఒకాయన స్నేహితురాలికి కబురు రాస్తూ "రీబూట్" అనే మాట కొట్టాడట. అంటే "మళ్ళీ మొదలుపెట్టు" అని. ఫోను ఠక్కున ఆగిపోయి మళ్ళీ మొదలైంది! నవంబరులోనే గూగుల్ ఈ తప్పును సరిదిద్దింది గాని, ఆలోగా కుతూహలం గలవాళ్ళు ఆ సందులోనుంచి లోపలికి దూరి, ఫోనులోని గదులన్నీ తిరిగి చూశారు. తప్పు దొరికిందని నవ్వి ఊరుకోక, ఇది ఎందుకు జరిగిందని అడిగినవాళ్ళు వాళ్ళు. నా క్లాసులో అటువంటివాళ్ళను ముందు బెంచీలో కూచోబెట్టేవాణ్ణి, అల్లరివాళ్ళయినా సరే.

వాళ్ళలో ఒకడు స్టీవ్ కాండిక్ అనే అమెరికా ప్రోగ్రామరు. 2009లో ఆయన తన సరదాకొద్దీ జీ1కు కొత్త ఆజ్ఞల మూట కట్టాడు. ఇది దొంగతనం కాదు సుమా! ఆండ్రాయిడ్‌లో మూలభాగాన్ని గూగుల్ అందరికీ తెరిచి ఉంచింది; ఎవరైనా తీసుకుని మార్చుకోవచ్చు. ఆ ఫోనులో చోటు బహు తక్కువ. అందుచేత కాండిక్ అప్లికేషన్లను విడి మెమరీ కార్డుమీద పెట్టుకునే వీలు కల్పించాడు. తన మూటను పదిమందికీ పంచిపెట్టాడు. దాని పేరు సైనోజెన్‌మాడ్.

ఈ సైనోజెన్ అన్నది కాండిక్ పెట్టుకున్న మారుపేరు. అసలు అదొక విషవాయువు. కార్బన్, నైట్రోజన్ కలిస్తే అవుతుంది. 1910లో హేలీ తోకచుక్క తోకలో ఈ వాయువు ఉన్నదని శాస్త్రజ్ఞులు చెబితే, భూమి ఆ తోకలోనుంచి పోతుందని కొందరు భయపడి తలుపుల సందులు మూసుకున్నారు. తోక బహు పలచన గనక ఎవరికీ ఏమీ కాలేదు. సరే, మన కథలోకి వద్దాం.

2009 సెప్టెంబరులో గూగుల్ నుంచి కాండిక్‌కు లాయర్ల ఉత్తరం వచ్చింది. ఆండ్రాయిడ్ మూలభాగం అందరిదీ అన్నమాట నిజమే. కాని మ్యాప్స్, జీమెయిల్, యూట్యూబ్ వంటివి గూగుల్ సొంతం. కాండిక్ వాటిని కూడా తన మూటలో కట్టి పంచాడు. నలుగురికోసం వేసిన అరుగుమీద కూచోవచ్చు గాని, ఇంట్లోకి వెళ్ళి వంటపాత్రలు తెచ్చుకోకూడదు గదా! ఈ సరదా ఇక్కడితో సరి అనుకున్నారు చాలామంది. అయితే ఒక మార్గం దొరికింది. సైనోజెన్‌మాడ్‌లో గూగుల్ అప్లికేషన్లు ఉండవు. ఎవరి ఫోనులో మొదటినుంచీ ఉన్నవి వాళ్ళు దాచుకుని, తరువాత తిరిగి పెట్టుకోవచ్చు. గూగుల్ తన హక్కు నిలుపుకున్నది, కాండిక్ తన పని మానలేదు. నా మటుకు నాకు ఇది మంచి తీర్పనే తోస్తుంది.

ఆపైన పని ఒక్కడిచేత అయ్యేది కాదు. ప్రతి ఫోనుకూ లోపలి పలకలు వేరు, కెమేరా వేరు. ఒక్కొక్క రకం ఫోనును ఒక్కొక్కరు దత్తత తీసుకున్నట్టు చూసుకోసాగారు. పగలు ఉద్యోగం, రాత్రి ఈ పని. ఫలితం చూడండి: జీ1 ఫోనుకు తయారుచేసినవాళ్ళు ఆండ్రాయిడ్ 1.6 దగ్గర ఆపివేశారు. 2010లో ఈ సరదా మనుషులు అదే ఫోనులో 2.2ను నడిపించారు! 2012 జనవరి నాటికి సైనోజెన్‌మాడ్ 10 లక్షల ఫోనుల్లో ఉన్నది. 2013 డిసెంబరుకు అది కోటి దాటింది. మధ్యలో, 2011లో, సామ్‌సంగ్ కంపెనీ కాండిక్‌ను పిలిచి ఉద్యోగం ఇచ్చింది.

2013 సెప్టెంబరులో ఇదంతా సైనోజెన్ అనే కంపెనీగా మారినట్టు ప్రకటించారు. పెట్టుబడి వచ్చింది, జీతాలు వచ్చినవి. చిక్కులు కూడా వెంటనే వచ్చినవి. కెమేరా అప్లికేషన్ రాసిన ఒక స్వచ్ఛంద సేవకుడు, దాని షరతులు మార్చడానికి ఒప్పుకోక, తన పని వెనక్కు తీసుకుని వెళ్ళిపోయాడు. నలుగురూ ఊరికే చేసినదాన్ని కొందరు అమ్ముకోవచ్చునా? ఈ ప్రశ్న మీ అమ్మానాన్నలతో కూచుని వాదించుకోండి. నేను ఎన్నిసార్లు ఆలోచించినా తెగలేదు.

ఆ తగవు మన దేశానికీ పాకింది. వన్‌ప్లస్ అనే చైనా కంపెనీ 2014లో సైనోజెన్ మూటతో ఫోను తెచ్చింది. ఇంతలో సైనోజెన్ వాళ్ళు మన మైక్రోమ్యాక్స్‌తో, భారతదేశంలో మీకు మాత్రమే ఇస్తామని ఒప్పందం చేసుకున్నారు. మైక్రోమ్యాక్స్ కోర్టుకు ఎక్కింది. 2014 డిసెంబరులో ఢిల్లీ హైకోర్టు వన్‌ప్లస్ అమ్మకాన్ని ఆపింది. కొద్ది రోజుల్లోనే పై ధర్మాసనం దారి ఇచ్చింది. ఒకే సరుకును ఇద్దరికి మాట ఇస్తే ఇంతే మరి.

కంపెనీ నిలబడలేదు. 2016 చివరకు కాండిక్ విడిపోయాడు. ఆ డిసెంబరు 31తో సేవలు ఆగిపోతాయని కంపెనీ ప్రకటించింది. సైనోజెన్‌మాడ్ పేరు కంపెనీది గనక సేవకులు దాన్ని వాడుకునే వీలులేదు. కాని వాళ్ళు రాసిన ఆజ్ఞలు మొదటినుంచీ తెరిచి ఉంచినవే. వాటిని ఎవరూ లాక్కోలేరు. డిసెంబరులోనే వాళ్ళు అదే పనిని కొత్త పేరుతో మొదలుపెట్టారు. ఆ పేరు లీనియేజ్, అంటే వంశం. ఈనాడు కూడా ఆ పని నడుస్తున్నది, కంపెనీలు వదిలేసిన ఎన్నో పాత ఫోనులకు కొత్త ఆండ్రాయిడ్ అందుతున్నది.

ఇది చదివి ఇప్పుడే సొరుగు దగ్గరికి పరుగెత్తకండి! మూట మార్చేటప్పుడు పొరపాటు జరిగితే ఫోను మళ్ళీ లేవకపోవచ్చు. "ఇటుక అయింది" అంటారు, పట్టుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదని. లోపలున్న ఫోటోలు, ఉత్తరాలు మార్చేటప్పుడు ఎలాగూ చెరిగిపోతాయి. అందుచేత ముందు వాటన్నిటినీ వేరొకచోట దాచాలి. ఆ రకం ఫోనును ఎవరైనా చూసుకుంటున్నారో లేదో, సరిగ్గా నమూనా పేరుతో సహా, కనుక్కోవాలి. పెద్దవాళ్ళు పక్కనుండాలి. అన్నిటికన్నా ముఖ్యం: అది పాత ఫోనే అయి ఉండాలి. నాన్నగారు రోజూ వాడుకునే ఫోనుమీద ప్రయోగం చేసి నాపేరు చెప్పకండి!