వేరు కుంపటి

నరసరావుపేటలో ఇంజినీరింగ్ చదివే కుర్రాడొకడు ఈమధ్య తన పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే ఆపరేటింగ్ సిస్టమ్ తీసేసి డెబియన్ ఎక్కించుకున్నాడు. ముందుగా నాన్న పట్టాదారు పాసుపుస్తకం స్కాన్ కాపీ, మిర్చి యార్డు చీటీల ఫొటోలు, అక్క పెళ్లి వీడియో జాగ్రత్తగా పెన్‌డ్రైవ్‌లో దాచాడు. రెండేళ్లలో ఇది మూడో మార్పు. ‘ఎన్నిసార్లు పీకి పెడతావురా దాన్ని!’ అని తల్లి విసుక్కుంది. పైకి నిలకడలేనితనంగానే కనిపిస్తుంది. కానీ మారిన ప్రతిసారీ అతనికి ఓ కారణం ఉంది.

ఈ రెండూ లినక్స్ కుటుంబానివే. లినక్స్ ఒక ఇల్లు కాదు, ఓ పెద్ద వంశం. 1993లో మొదలైన డెబియన్ నుంచి 2004లో ఉబుంటు వచ్చింది. దాన్నుంచి 2006లో మింట్ పుట్టింది. నచ్చనివారు మూల కోడ్ అలాగే తీసుకుని వేరు కుంపటి పెట్టుకోవచ్చు. పల్నాటివారికి వేరుపడటమంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. గురజాల నుంచి మాచర్ల విడిపోయిన కథ కారంపూడి రణక్షేత్రం దాకా వెళ్లింది. నేల పంచుకుంటే ఎవరి వాటా వారికి తగ్గుతుంది, అందుకే కత్తులు లేచాయి. సాఫ్ట్‌వేర్ ఎంతమంది పంచుకున్నా తరగదు. ఇక్కడ విడిపోవడానికి యుద్ధం అక్కర్లేదు.

మరి కారణాలేమిటంటే, 2012 అక్టోబరులో వచ్చిన ఉబుంటు 12.10 సంగతి చూడండి. సొంత కంప్యూటర్‌లో ఫైలు కోసం వెతికినా, టైపు చేసిన మాట ఉబుంటు తయారుచేసే కంపెనీ సర్వర్‌కు వెళ్లేది. బదులుగా అమెజాన్ సరుకులు కనిపించేవి. ఇనప్పెట్టెలో దస్తావేజు వెతుక్కుంటుంటే అంగడివాడు కిటికీలోంచి తొంగిచూసినట్టే! వద్దనుకుంటే ఆపుకొనే వీలుంది, కానీ ముందుగా అడగలేదు. గట్టిగా విమర్శలు వచ్చాయి. 2016 నాటి 16.04లో ఆ ఏర్పాటును ఆపేసి ఇచ్చారు. వాడేవాడు లేచి వెళ్లిపోగలడన్న ఎరుక ఉన్నచోటే ఇలాంటి దిద్దుబాటు జరుగుతుందని మా నమ్మకం. 2020లో క్రోమియం బ్రౌజర్ అడిగితే ఉబుంటు చెప్పకుండా స్నాప్ అనే తన సొంత ప్యాకేజీ పద్ధతిలో దించుతోందని మింట్ వాళ్లు అభ్యంతరపెట్టి, తమ ఇరవయ్యో వెర్షన్‌లో ఆ దారి మూసేశారు.

గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పింది. ఆ హక్కు మన బల్లమీది యంత్రం దాకా రావాలంటే అందులో ఏం జరుగుతోందో విప్పి చూసే వీలుండాలి, అదీ మన భాషలో. ‘స్వేచ్ఛ’ అనే సంస్థ పిలుపుతో మన విద్యార్థులు తెలుగులో ఆపరేటింగ్ సిస్టమ్ కోసం పడిన శ్రమ అందుకే మాకు విలువైనదనిపిస్తుంది.

మారడంలో కష్టం లేకపోలేదు. ప్రింటర్ మొరాయిస్తుంది. పాత తెలుగు ఫాంట్లలో కొట్టిన కాగితం అర్థంకాని గీతలుగా తెరుచుకుంటుంది. ఈ కుర్రాడికీ రెండు రాత్రులు పట్టింది. చివర్లో డెబియన్ ఓ ప్రశ్న వేసింది: ఏ ప్రోగ్రాములు వాడుతున్నారో పేరు లేకుండా వారం వారం మాకు పంపుతారా? జవాబు ‘వద్దు’ మీదే నిలిపి ఉంచింది. అతను కాసేపు ఆలోచించి, బాణం మీట నొక్కి ‘సరే’ ఎంచుకున్నాడు.